వాన మీద మోపిన నేరం

"వందేళ్లలో రాని వాన" అనే మాటను హైదరాబాద్ 2020 అక్టోబర్‌లో నేర్చుకుంది. ఇప్పటికీ వదల్లేదు. ఆ నెల 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం తెలంగాణ మీదుగా పడమటికి నడిచింది. తెల్లారేసరికి వందలాది కాలనీలు నీళ్లలో ఉన్నాయి. టీవీ పెడితే వందేళ్ల వాన, పేపర్ తెరిస్తే వందేళ్ల వాన. నాయకులు బోట్లెక్కి గల్లీల్లో తిరుగుతూ చెప్పిందీ అదే. చివరికి నడుం లోతు బురదలో నిలబడ్డ మనిషి కూడా మైకు ముందర "ఎవరేం జేస్తరు సార్, వాన గట్ల కొట్టింది" అన్నాడు. నష్టపోయినవాడి నోటితోనే సాకు చెప్పించగలిగారంటే ఆ మాట ఎంత బాగా పనిచేసిందో చూడండి.

నేను నల్గొండ జిల్లా హాలియా మనిషిని. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద, చెరువుల కింద బతికే ఊళ్ల మధ్య పెరిగినవాణ్ణి. ఆ వాయుగుండం మా వైపూ దంచింది. పత్తి నల్లబడింది, కోతకొచ్చిన వరి పడిపోయింది. దాన్ని వాన చేసిన నష్టం అంటే ఒప్పుకుంటాను. పత్తికాయ మీద పడిన చినుకుకీ రైతు నష్టానికీ మధ్య ఇంకెవరూ లేరు. హైదరాబాద్ సంగతి అది కాదు. అక్కడ చినుకుకీ చావుకీ మధ్య చాలామంది ఉన్నారు. కొలిచినవాళ్లు, గీసినవాళ్లు, అమ్మినవాళ్లు, ముద్ర వేసినవాళ్లు. వందేళ్ల వాన అనగానే వాళ్లంతా ఆ మబ్బు వెనక్కి పోతారు.

ముందు వాళ్లు చెప్పే అంకెలే తీసుకుందాం. బేగంపేటలో ఆ 24 గంటల్లో నమోదైంది 19 సెంటీమీటర్ల పైచిలుకు. ఇది బద్దలుకొట్టిన రికార్డు 1903 నాటిది, 11.7 సెంటీమీటర్లు. వంద దాటిన ఏళ్లు అక్కడి నుంచే వచ్చాయి. అయితే అది అక్టోబర్ నెల రికార్డు. ఆ "అక్టోబర్ నెల" అన్న మాట మెల్లగా రాలిపోయి వందేళ్లు మాత్రం మిగిలాయి. అదే బేగంపేటలో 2000 ఆగస్టు 24న 24 సెంటీమీటర్లు పడింది. అంటే అంతకు ఇరవై ఏళ్ల ముందే ఇంతకంటే పెద్ద వాన ఒక్క రోజులో చూసిన ఊరు ఇది. ఆ ఏడు పదో తరగతి చదివిన పిల్లలు 2020 నాటికి బిడ్డల తల్లులయ్యారు, అంతే. వాళ్ల జ్ఞాపకంలో ఉన్న వాన కార్పొరేషన్ జ్ఞాపకంలో లేకుండా ఎట్లా పోయింది?

నిజమే, తూర్పున ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు పడింది, హయత్‌నగర్ వైపు ముప్ఫైకి దగ్గరగా పడింది. అది మామూలు వాన కాదు, కాదనను. కానీ ఆ వారంలో పేర్లు మోగిపోయిన జాగాలు చూడండి. 13 రాత్రి తెగింది పాతబస్తీకి దక్షిణాన ఉన్న పల్లె చెరువు. శంషాబాద్ దారిలో జాతీయ రహదారినే కోసుకుంటూ పోయింది గగన్‌పహాడ్ అప్ప చెరువు నీళ్లు. నాలుగు రోజుల తర్వాత, 17న, బాలాపూర్ గుర్రం చెరువుకు గండి పడి హఫీజ్ బాబానగర్ మునిగింది. మూడూ చెరువులే. ఆకాశం నుంచి పడిన నీటికి మనుషులు చచ్చిపోరు. తెగిన కట్ట కిందికి కొట్టుకొచ్చిన నీటికి చచ్చిపోతారు. చెరువు తెగడమంటే ఏమిటో, తెగకుండా చూడటమంటే ఏమిటో మా ఊళ్లలో పిల్లలకు కూడా తెలుసు.

ఊరికో నీరటి ఉండేవాడు. తూము తీయడం, మూయడం, మడి మడికీ నీళ్లు పారించడం అతని పని. ముసురు పట్టిందంటే రాత్రిపూట గొంగడి కప్పుకుని, లాంతరు పట్టుకుని కట్ట మీద తిరిగేవాడు. తలెత్తి మబ్బు చూసేవాడు కాదు, వంగి కట్ట చూసేవాడు. అలుగు మీద నీళ్లు ఎంత మందాన దుంకుతున్నాయి, లోపలి వైపు మట్టి ఎక్కడైనా జారిందా, కట్ట కింది మొగాన నీళ్లు ఊరుతున్నాయా అని చూసుకుంటూ పోయేవాడు. ఊరుతున్నచోట దోసిట్లోకి తీసుకుని లాంతరు వెలుగులో పెట్టేవాడు. తేటగా ఉంటే భయం లేదు. ఎర్రగా వస్తే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నట్టే, బుంగ పడబోతోందన్నట్టే. అప్పుడు ఊరంతా లేవాల్సిందే. గడ్డివాములు, ఇసుక సంచులు, కంపచెట్లు ఏది దొరికితే అది మోసుకుని ఉరకాల్సిందే. వాన ఎంత కొట్టిందని అతన్ని ఎవరూ అడగలేదు. అలుగు నువ్వు చూసినవా, తూము నువ్వు తీసినవా అని అడిగేవాళ్లు.

ఆ రాత్రి పల్లె చెరువు కట్ట మీద ఎవరు తిరిగారు? అలుగు దారి ఎక్కడ మొదలై ఎక్కడిదాకా ఖాళీగా ఉంది? నాకు కావలసిన జవాబులు ఇవి. వాతావరణ కేంద్రం ఇచ్చే అంకె వీటికి జవాబు కాదు.

పాత సంగతి ఎత్తితే వెంటనే ఒకటి అంటారు: "1908లో కబ్జాలు లేవు, ప్లాట్లు లేవు, అయినా మూసీ పదిహేను వేల మందిని పొట్టన పెట్టుకుంది కదా?" అవును, పెట్టుకుంది. ఆ సెప్టెంబర్ 28న మూసీలో వచ్చిన ప్రవాహం నాలుగు లక్షల క్యూసెక్కులకు పైమాటే. అయితే ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన వచ్చి వందేళ్ల వాన అని చేతులు దులుపుకోలేదు. నదికి నీరు పంపే పరీవాహకంలో ఎన్ని చెరువులున్నాయో లెక్కపెట్టించాడు. 788 ఉంటే 221 తెగాయని తేలింది. పై చెరువు తెగి కింది చెరువును తెంపి, అది ఇంకోదాన్ని తెంపి, అట్లా వరుసగా వచ్చిన నీళ్లు నగరం మీద పడ్డాయి. అంటే చెరువుల గొలుసులో ఒక కొక్కెం ఊడితే ఏమవుతుందో 1909లోనే కాగితం మీద ఉంది. దానికి విరుగుడుగా నగరానికి ఎగువన వరదను పట్టి నిలపాలన్నాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఇప్పుడు జనం వాటిని మంచినీళ్ల చెరువులనుకుంటారు. అవి పుట్టింది వరదను ఆపడానికి.

ఇంకో లెక్క చెప్తాను, ఇది మా హాలియా వాళ్లకు నేరుగా తగిలింది. 2025 సెప్టెంబర్ 26 రాత్రి మూసీ ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చింది. సాగర్ రోడ్డున పోయే మా బస్సులు ఆగే చోటు అది. ప్లాట్‌ఫారాల మీద నడుం లోతు నీళ్లు, బ్యాగులు నెత్తిన పెట్టుకుని పిల్లల చేతులు పట్టుకుని తాడు వెంబడి బయటికొచ్చిన జనం. మా ఊరి ఫోన్లన్నీ ఆ రాత్రి మోగుతూనే ఉన్నాయి. ఆ రోజు రెండు జలాశయాల నుంచి వదిలింది దాదాపు 35 వేల క్యూసెక్కులు. 1908 వరదలో పదో వంతుకు కూడా రాదు. పదో వంతు రాని నీటికి రాష్ట్రంలోకెల్లా పెద్ద బస్టాండు మునిగితే దాన్ని మహా ప్రళయమంటామా, నది ఇరుకైందంటామా? నది మధ్యలో బస్టాండు పెట్టింది మేఘం కాదు.

మా మేనల్లుడు సరూర్‌నగర్ అవతల ఇల్లు కొనుక్కున్నాడు. హాలియా, మిర్యాలగూడ, దేవరకొండ వాళ్లంతా దాదాపు అటే కొంటారు. సాగర్ రోడ్డు దిగితే అందే దూరం, ధర కూడా మా చేతికి అందేది. 2020లో వాన వెలిసిన వారానికి పోయాను. గోడ మీద నా ఛాతీ ఎత్తున బురద గీత. చెక్క బీరువా ఉబ్బి తలుపు రావడం లేదు. సంపులో మోటారు కాలిన వాసన. వరండాలో దండెం మీద చీరలకు బదులు కాగితాలు ఆరేసి ఉన్నాయి, క్లిప్పులు పెట్టి. పిల్లల మార్కుల మెమోలు, కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదులు, రిజిస్ట్రేషన్ కాగితం. ఊరికే నిలబడటం ఎందుకని ఆ దస్తావేజు చదివాను. హద్దుల దగ్గర ఆగిపోయాను. ఉత్తరం 25 అడుగుల రోడ్డు, దక్షిణం ఫలానా నంబరు ప్లాటు, తూర్పు ఇంకో ప్లాటు, పడమర నాలా.

"పడమర నాలా ఏదిరా?" అన్నాను.

"ఏమో మామా, మేం వచ్చినప్పటికే అది ఫంక్షన్ హాలు" అన్నాడు.

ఆ కాగితం మీద సర్కారు ముద్ర ఉంది. స్టాంపు డ్యూటీ కట్టించుకుంది, రిజిస్ట్రేషన్ రుసుము కట్టించుకుంది, ఆ మీదట కరెంటు మీటరిచ్చింది, నల్లా ఇచ్చింది, ఏటేటా ఇంటి పన్ను వసూలు చేసింది. నాలా ఉన్నట్టు అదే సర్కారు కాగితంలో రాసి ఉంది. నాలా మీద ఫంక్షన్ హాలు ఉన్నట్టు అదే సర్కారు కంటికి కనబడుతోంది. ఈ రెండింటినీ ఒకచోట పెట్టి చూసినవాడు ఒక్కడూ లేడు. నీరు పల్లమెరుగు అంటారు కదా, ఆ రాత్రి నీళ్లు దస్తావేజులో రాసిన దారినే వెతుక్కుంటూ వచ్చాయి. దారిలో ఫంక్షన్ హాలు అడ్డమొస్తే మా వాడి ఇంట్లోంచి పోయాయి. మీర్‌పేట వైపు చెరువులు నిండితే సరూర్‌నగర్ చెరువుకి, అక్కడ్నుంచి మూసీకి నడవాల్సిన నీళ్లవి. నడవనిస్తే నడిచేవి.

ఇక్కడ వందేళ్ల వాన వాదానికి తోడబుట్టిన ఇంకో వాదం పైకొస్తుంది. "చెరువులో ఇల్లు కట్టుకున్నోడిది తప్పు కాదా? చవగ్గా వస్తుందని కొని ఇప్పుడు ఏడుస్తారేం?" చదువుకున్నవాళ్లు, గుట్టల మీద గేటెడ్ కాలనీల్లో ఉండేవాళ్లు ఎక్కువగా అంటారు దీన్ని. చెరువు ఎక్కడిదాకో తెలియని మా వాడు ఎంక్వైరీ చేసుకోవాలట. రెవెన్యూ రికార్డు, గ్రామ నక్షా, చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో చూపే ఎఫ్‌టీఎల్ మ్యాపు అన్నీ దగ్గరున్న ఆఫీసు మాత్రం అమాయకంగా ముద్ర కొట్టొచ్చట. ఫ్లోరైడ్ నీళ్లు తాగి, ఎండిన బోర్లకు అప్పులు కట్టి, పిల్లల చదువు కోసం సిటీకి పోయినవాడు నాలుగు లక్షలు తక్కువకు దొరికిన చోట కొంటాడు. అది ఆశే, నేరం కాదు. చెరువు శిఖం భూమిని ముక్కలు చేసి అమ్మినవాడు ఇప్పుడెక్కడున్నాడో అడగండి. మునిగిన కాలనీలో ఉండడు.

ఆ వాన తేదీకి ఇంకో తేదీని పక్కన పెట్టి చూడమని నా మనవి. 2020 ఆగస్టు 31న అప్పటి ప్రభుత్వం జీవో 131 ఇచ్చింది. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లు కొన్నవాళ్లు రుసుము కట్టి క్రమబద్ధం చేసుకోవచ్చంది. దరఖాస్తుకు మొదట పెట్టిన గడువు అక్టోబర్ 15. అంటే నగరం నీళ్లలో ఉన్న గంటల్లోనే, అనుమతి లేని ప్లాట్లకు ముద్ర వేయించుకునే గడువు నడుస్తోంది. వాన పడుతోందని దాన్ని నెలాఖరు దాకా పొడిగించారు కూడా. చెరువు శిఖంలో ఉన్నవాటికి ఇది వర్తించదని జీవోలో ఉంది, ఆ మాట దాచను. కానీ లక్షల దరఖాస్తులొచ్చాయి. ఏ ప్లాటు శిఖంలో ఉందో తేల్చేది మళ్లీ అవే ఆఫీసులు. 2008లో ఒకసారి, 2015లో ఒకసారి ఇదే పని చేశారు. తప్పును రుసుముతో ఒప్పుగా మార్చే అలవాటు ఉన్నచోట తప్పు ఆగుతుందని ఎవరు నమ్ముతారు?

వానకు నేరం అంటగట్టాక పరిహారం సులువు. ఇంటికి పదివేలన్నారు. కొందరికి అందింది, కొందరికి దళారుల చేతులు తడిపాక సగం అందింది, నవంబర్‌లో కార్పొరేషన్ ఎన్నికల ప్రకటన వచ్చి పంపిణీయే ఆగింది. రాష్ట్రంలో డెబ్బై మంది దాకా పోయారు. దానికి ఒక్క సంతకం కూడా కారణం కాదన్నట్టే లెక్క మూసేశారు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చడానికి హైడ్రా వచ్చి బుల్‌డోజర్లు తిప్పినప్పుడు చాలామంది చప్పట్లు కొట్టారు. తమ్మిడికుంట చెరువులో పెద్దవాళ్ల కట్టడం పడినప్పుడు నేనూ సంతోషించాను, అబద్ధమెందుకు. తర్వాత చూస్తే వస్తువులు రోడ్డు మీద పెట్టుకుని కూర్చున్న వాళ్లలో పేదవాళ్లే ఎక్కువ కనబడ్డారు. అనుమతులిచ్చిన కొందరు అధికారుల మీద కేసులు పెట్టారని చదివాం. ఆ కేసులు ఎక్కడిదాకా వచ్చాయో బుల్‌డోజర్ల లాగా టీవీలో చూపించలేదు.

"అన్ని మహానగరాలకూ ఇదే గతి. ముంబై మునగలేదా, చెన్నై మునగలేదా, అమెరికాలో మునగలేదా?" ఇది పండితుల వాదం. ముంబై 2005 జులై 26న ఒక్క రోజులో 94 సెంటీమీటర్ల వాన చూసింది. మన 19తో దాన్ని పోల్చుకుని ఓదార్చుకోవడానికే సిగ్గుపడాలి. అమెరికా సంగతి అంటారా, హూస్టన్‌లో మన తెలుగువాళ్లు బోలెడుమంది ఉన్నారు, 2017లో హార్వీ తుపాను ఏం చేసిందో వాళ్లను అడగండి. ఆ నగరానికి పడమర ఆడిక్స్, బార్కర్ అని వరద ఆపే రెండు జలాశయాలు. మామూలు రోజుల్లో అవి ఎండి మైదానాల్లా ఉంటాయి. నీళ్లు నిండితే మునిగే మేరలోనే వేల ఇళ్లు కట్టి అమ్మారు. బార్కర్ వైపు కొన్ని కాలనీల ప్లాను కాగితాల మీద, ఇది మునిగే అవకాశమున్న భూమి అని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. మా వాడి దస్తావేజులో పడమర నాలా ఉన్నట్టే. తుపాను పోయాక జనం కోర్టుకెక్కారు. ఆ తుపాను మన వాయుగుండం కంటే ఎన్నో రెట్లు పెద్దది. అయినా 2019 డిసెంబర్‌లో అక్కడి ఫెడరల్ కోర్టు, ఆ నీళ్లను ఇళ్ల మీద నిలబెట్టినందుకు ప్రభుత్వానిదే బాధ్యత అంది. కాబట్టి అమెరికాను సాక్షిగా పిలిచేవాళ్లు ఆ సాక్షి చెప్పేది చివరిదాకా వినాలి.

మా దగ్గర కూడా అడగడం మానలేదు. 2022 సెప్టెంబర్‌లో నిడమనూరు మండలంలో ఎడమ కాలువకు గండి పడింది. హాలియాకు కూతవేటు దూరం. పొలాల్లో ఇసుక మేట వేసింది, ఊళ్లలోకి నీళ్లొచ్చాయి. ఆ సాయంత్రం హోటల్ ముందర కూర్చున్న ఏ రైతూ మబ్బును తిట్టలేదు. కట్ట ఎన్నాళ్లుగా కారుతోంది, ఎవరు రిపోర్టు రాశారు, ఎవరు పక్కన పడేశారు అని పేర్లతో సహా మాట్లాడుకున్నారు. ప్రశ్న సరైన చోట పడింది. పల్లెటూరి వాడు అడగగలిగిన ప్రశ్నను మహానగరం ఎందుకు అడగదో నాకిప్పటికీ అర్థం కాదు.

అన్నిటికంటే నన్ను మండించేది ఇంకోటుంది. ఇదే హైదరాబాద్ తాగే నీళ్లలో పెద్ద వాటా మా సాగర్‌ది. అక్కంపల్లి జలాశయం నుంచి కోదండాపురంలో శుద్ధి చేసి, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో, కరెంటు మండించి ఎత్తిపోస్తున్నారు. ఇరవై ఏళ్లుగా నడుస్తున్న కథ. పైపు పోయే దారిలో ఉన్న మా తండాలు ట్యాంకర్ కోసం బిందెలు పెట్టుకుని కూర్చున్న ఎండాకాలాలు నేను చూశాను. కృష్ణ నుంచి నీళ్లు కొని తెచ్చుకునే నగరం, తన నెత్తిన ఊరికే పడ్డ నీళ్లను శత్రువులా చూస్తుంది. పట్టుకోడానికి ఉన్న చెరువులను పూడ్చి, ఆ పడ్డ నీళ్లనే మూసీలో కలిపి, మళ్లీ మా జిల్లా మీదికే తోలుతుంది. ఆ మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా పారేది మా పొలాల పక్క నుంచే, ఏ రంగులో పారుతుందో చెప్పక్కర్లేదు. 2015లో మిషన్ కాకతీయ అని 46 వేల చెరువులు బాగుచేస్తామన్న రాష్ట్రం ఇది. మా ఊరి చెరువులో పూడిక తీసి, ఆ నల్లమట్టి చేలకు తోలుకున్నాం. బాగుంది. అప్పుడే రాజధానిలో చెరువుల్లోకి లారీల మట్టి తోలుతున్నారు.

ఇప్పుడు సాకు కొత్త చొక్కా తొడుక్కుంది. వాతావరణ మార్పు అంటున్నారు. సముద్రం వేడెక్కుతోంది, తక్కువ గంటల్లో ఎక్కువ వాన కొట్టడం పెరుగుతోంది, ఇది శాస్త్రం చెప్పే మాట, నేను కాదనడం లేదు. కానీ అది ఎవరి పక్షాన సాక్ష్యం? వానలు ఇంకా పెద్దవవుతాయని తెలిసీ వాన నిలిచే జాగాను తగ్గించినవాడి నేరం పెరుగుతుంది, తగ్గదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల ఎగువన కట్టడాలు రాకుండా 1996లో జీవో 111 పెట్టారు. పది కిలోమీటర్ల మేర 84 ఊళ్లు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేశారు. అక్కడి రైతుల బాధ నాకు తెలియంది కాదు, పక్క మండలంలో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ భూమి అడుగున పడి ఉందంటే ఎవరికైనా కడుపు మండుతుంది. వాళ్లకు సర్కారు పరిహారం ఇచ్చి ఆ భూమిని పొలంగా నిలపాల్సింది. బదులుగా తలుపు తెరిచింది. వరదను ఆపడానికి కట్టిన చెరువుల నెత్తి మీద కాలనీలు రాబోతున్నాయి.

ఆ మధ్య హాలియా సెంటర్‌లో ఒక కుర్రాడు రంగురంగుల కరపత్రాలు పంచుతున్నాడు. ఆ ఊళ్లున్న మొయినాబాద్ వైపు వెంచరు, గజం ఇంత, వాయిదాల్లో కట్టొచ్చు, వెనక కొలను బొమ్మ. ఒకటి తీసుకుని అడిగాను, "తమ్ముడూ, ఈ వెంచరు పైన చెరువు ఉందా? దాని అలుగు నీళ్లు ఎటు పోతయి?"

కుర్రాడు కాసేపు కాగితం తిప్పి చూశాడు. "గది నాకు తెల్వదు సార్. కింద నంబరుంది, ఫోన్ చేయండి. సైట్ చూడ్డానికి కారు ఫ్రీ."